బెణికిందా, ఇరిగిందా

కిష్టమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది. తల ముందు రావలసినచోట పాదాలు ముందు పెట్టి, తల్లిని రెండు రోజులు నానా యాతనా పెట్టి గాని ఈ లోకంలోకి రాలేదు. అలా పుట్టినవాళ్ళ చెయ్యి తగిలితే బెణుకులు దిగుతాయని రాయదుర్గంలో పిల్లాజెల్లా అందరికీ నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, కిష్టమ్మకు పని మాత్రం నిజంగా వచ్చు. లోపల ఎముక ఉన్నచోటనే ఉందా, పక్కకు జరిగిందా అన్నది ఆమె బొటనవేలు చర్మం మీదనుంచే పసిగట్టేది.

మగవాళ్ళ ఆటలన్నీ చివరికి ఆమె అరుగు మీదికి వచ్చి మూలిగేవి. చెడుగుడులో వేలు మెలిపడినవాడు, చిర్రగోనె ఆటలో కర్ర తగిలి కణుపు ఉబ్బినవాడు, గుట్ట కింద పందెం గుండు ఎత్తబోయి మణికట్టు పట్టేసినవాడు, కుస్తీలో మోచెయ్యి జారినవాడు. బరిలో మీసం తిప్పిన మొనగాళ్ళు, ఆమె చెయ్యి పట్టుకోగానే అవ్వా అని కేకలు పెడుతుంటే కిష్టమ్మకు నవ్వాగేది కాదు. "పడేటప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకురా?" అని ఇంకాస్త గట్టిగా రుద్దేది.

ఆ వైద్యానికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. రుద్దించుకున్నవాడు పోయొస్తానని చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి. రుద్దినందుకు ఆమె గింజంతయినా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే చేతిలోని గుణం పోతుంది. పోయి ఊరుకోదు, ఎదురు తిరుగుతుంది. ముట్టిన చోటల్లా చెడుతుంది. అందుకని ఆమె చేత చెయ్యి బాగు చేయించుకున్నవాడు ఆమె ఇంటికి ఒక సొరకాయ తేవాలన్నా భయపడేవాడు.

వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటే. "బెణికిందా, ఇరిగిందా?" బెణికితే తగ్గేదాకా రోజూ నువ్వుల నూనెతో రుద్ది పంపేది. ఇరిగితే రుద్దేది కాదు. వెదురు బద్దలు పెట్టి కోడిగుడ్డు సొనతో కట్టు కట్టి, నెలన్నర కదిలించవద్దనేది, లేకపోతే పట్నం దవాఖానకు బండి కట్టించేది. ఆమె ఏ మాటంటే ఊరికి ఆ మాటే ఖాయం. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట తప్పు రాలేదు, చివరికి అదే ఆమె మెడకు చుట్టుకుంది.

ఆమె మొగుడు ఎల్లేశం గడి పహిల్వాను, దొర ఉండే కోటలాంటి ఇంటి తరఫున కుస్తీ పట్టేవాడు. ఊరి దొర వెంకటనారాయణకు కుస్తీ అంటే చెవి కోసుకునేంత పిచ్చి. తాను మాత్రం బరిలోకి దిగేవాడు కాదు, దిగితే లేపడానికి నలుగురు కావాలి. ఏటేటా నాగులపంచమికి నల్లగండ్ల దగ్గర బరి వేస్తారు. అక్కడ గడి పేరు నిలబెట్టినవాడి ఇంటికి ఆ ఏడాది వెట్టి మాఫీ అని దొర మాట ఇచ్చాడు. మూడేళ్ళుగా ఎల్లేశం గెలుస్తున్నాడు. మూడేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కి వెట్టికి రమ్మన్నవాడు లేడు.

వెట్టి అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. అత్త బుచ్చమ్మ మూలన కూర్చుని ఉంటుంది, ఆమె చేతులు చూస్తే చాలు. గడిలో ముప్పై ఏళ్ళు వడ్లు దంచిన చేతులవి. జ్వరం వచ్చినా, కడుపు పండినా, ఇంట్లో శవం ఉన్నా పోయి దంచిన చేతులు. వేళ్ళు రోకలిని పట్టుకున్నట్టే లోపలికి వంగిపోయాయి. రోకలి పోయింది, పట్టు మిగిలింది. ఎల్లేశం గెలిచిన మొదటి ఏడు ఆమె దంచడం మానేసింది గాని, అప్పటికే ఆ వేళ్ళు విప్పుకోవడం మరిచిపోయాయి. వాటిని కిష్టమ్మ ఎన్ని రాత్రులు నూనెతో నిమిరిందో లెక్కలేదు. తన చేతికి లొంగనివి ఊళ్ళో ఆ రెండు చేతులే.

యుద్ధం ఆగిన మూడో ఏడు అది. నాగులపంచమి ఇంకా ఇరవై రోజులుందనగా, గుట్ట కింది మట్టిలో సాధన చేస్తూ ఎల్లేశం వెనక్కి పడ్డాడు. పడుతూ కుడి అరచెయ్యి నేలకు ఆనించాడు. మనిషి బరువంతా మణికట్టు మీదికి వచ్చింది. ఇంటికి నడుచుకుంటూనే వచ్చాడు. వాపు పెద్దగా లేదు, వంకర అసలే లేదు.

"జర చూడే. బెణికినట్టున్నది," అని అరుగు మీద కూర్చుని చెయ్యి చాపాడు.

కిష్టమ్మ నవ్వుతూనే పట్టుకుంది. బొటనవేలు వెనక్కి లాగితే మణికట్టు దగ్గర ఒక చిన్న గుంట పడుతుంది, మీరు చూసుకున్నా కనిపిస్తుంది. ఆ గుంటలో వేలు పెట్టి నొక్కితే మనిషి ఉలిక్కిపడితే అది బెణుకు కాదు, లోపల చిన్న ఎముక ఇరిగిందని ఆమెకు తల్లి నేర్పింది. పైకి ఏమీ కనిపించదు. రుద్దితే ఇక అతకనే అతకదు. కిష్టమ్మ ఆ గుంటలో నొక్కింది. ఎల్లేశం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పళ్ళు బిగించి మళ్ళీ తానే ముందుకు చాపాడు.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది.

అదే సమయానికి దొర కబురు మోసే సాయిలు దడి అవతల నిలబడి ఉన్నాడు. గడి పహిల్వాను పడ్డాడంటే ఆ మాట గడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది?

"ఏంది వదినె, బెణికిందా, ఇరిగిందా? దొర కనుక్కొని రమ్మన్నడు."

కిష్టమ్మ మొగుడి చెయ్యి వదలలేదు. ఇరిగిందంటే ఈ ఏడు బరి లేదు. బరి లేకపోతే మాఫీ లేదు. పంచమి తెల్లారే అత్త దంచడానికి పోవాలి, అత్తకు ఇక చేతగాదు కనుక తాను పోవాలి, మొగుడు దొర బండి ముందు పరుగెత్తాలి. లోపల బుచ్చమ్మ చెంబు అందుకోబోతే అది వంగిన వేళ్ళలోంచి జారి గలగలమని దొర్లింది.

"బెణికింది," అంది కిష్టమ్మ.

"పక్కానా?"

"నా మాట ఎన్నడన్న తప్పిందా సాయిలూ?"

సాయిలు తృప్తిగా వెళ్ళిపోయాడు. నోరు జారిన మాటయితే వెనక్కి తీసుకోవచ్చు. ఇది జారింది కాదు, తెలిసి తెలిసి అన్నది. ఆ క్షణంనుంచి ఆమె ఆ మాట లోపల చిక్కుకుపోయింది.

బెణికిందని చెప్పాక రుద్దాలి గదా. రుద్దకపోతే దడి అవతలినుంచి చూసేవాళ్ళు ఎందుకు రుద్దడం లేదంటారు. అందుకని రోజూ అరుగు మీదనే కూర్చుని, గిన్నెడు నూనె పెట్టుకుని, ఊరంతా చూసేట్టు రుద్దేది. నిజానికి ఆ గుంట దగ్గరికి వేలు పోనిచ్చేది కాదు. మోచెయ్యి దాకా పైకీ కిందికీ నూనె పూసి, ఉత్త నాటకం ఆడేది. వెదురు బద్దలు కట్టడానికి వీల్లేదు, కట్టు కనిపిస్తే అబద్ధం బయటపడుతుంది. తలుపు వేసుకుని పాత చీర పీలికతో మణికట్టు బిగించి చుట్టేది, అతను బయటికి పోయేటప్పుడు విప్పేది. "వేడి పట్టాలె," అని అతనికి చెప్పేది. అతనూ సరేననేవాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అడగనందుకు ఆమెకు హాయిగానూ ఉండేది, భయంగానూ ఉండేది.

పట్టు తగ్గిపోతున్నది. తడిసిన లంగోటి పిండలేక ఎల్లేశం దాన్ని నీళ్ళు కారుతుండగానే తీగ మీద వేశాడు. చెంబు ఎడమచేత్తో ఎత్తుకుని తాగడం మొదలుపెట్టాడు. ఒకనాడు జొన్నరొట్టె తుంచబోయి ఆగి, "ఆకలైతలేదు," అని లేచిపోయాడు. కిష్టమ్మ ఆ రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి పాలల్లో వేసి ఇచ్చింది. రెండు గదులున్న ఆ ఇల్లు ఆమెకు రోజురోజుకూ ఇరుకైపోయింది. ఊపిరి తీసుకోవడానికి గుట్టమీదికి పోయినా, రాళ్ళ నడుమ కూర్చుంటే అక్కడా అదే మాట చెవిలో మోగేది. బెణికింది, బెణికింది.

రోజుకోసారి వచ్చే సాయిలు ఒకరోజు గొంతు తగ్గించి చెప్పాడు. "వదినె, అవతల స్వరాజ్యమొచ్చిందట. ఇగ వెట్టి ఉండదట."

"అవతలంటే ఎంత దూరం?"

"ఏమో. రైలుల పోవాలట." కాసేపు ఆలోచించి, "మనకాడ ఇంక నిజాం జెండానే గద," అని, దొరకు నెయ్యి తేవాలని గుర్తొచ్చి పరుగెత్తాడు.

స్వరాజ్యం వచ్చి వారం కాకుండానే నాగులపంచమి వచ్చింది. నల్లగండ్ల బరి చుట్టూ ఎనిమిది ఊళ్ళ జనం. దొర కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని కూర్చున్నాడు. ఎదురు వస్తాదు రామచంద్రం పట్నంలో కుస్తీ నేర్పే తాలీంలో తయారైనవాడు, కండ తప్ప మెడ కనిపించని మనిషి. ఎల్లేశం మట్టి తీసుకుని నుదుట రాసుకున్నాడు, అదీ ఎడమచేత్తోనే. ఆ చెయ్యి చూడగానే కిష్టమ్మ ఇరవై రోజులుగా బిగపట్టిన మాట ఇక ఆగలేదు. ఏమవుతుందో ఆలోచించకుండా, ఆడవాళ్ళు నిలబడే గట్టు దిగి బరి అంచుకు పరుగెత్తింది.

"ఆపుండ్రి! ఆయన చెయ్యి ఇరిగింది! బరిలకు దించకుండ్రి!"

డప్పు ఆగింది. దొర గొడుగు కింది నుంచి తొంగి చూశాడు.

"ఏందే, ఏమన్నవు?"

"ఇరిగింది దొరా. పడ్డ దినమే ఇరిగింది. నేనే అబద్ధమాడిన."

దొర నవ్వాడు. ఆయన నవ్వితే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వాలి, అందరూ నవ్వారు. "ఇరవై దినాలు నూనె పెట్టి రుద్దింది ఊరంత చూసింది. ఇరిగినదాన్ని నువ్వు రుద్దుతవా? నీ మాట ఎన్నడన్న తప్పిందానే?"

ఆ మాట తనదే. సాయిలు మోసుకుపోయి దొర నోట్లో పెట్టాడు, దొర తెచ్చి తన ముఖాన కొట్టాడు. పదిహేనేళ్ళు ఊరు నమ్మిన మనిషిని, నిజం చెప్పిన ఒక్క రోజున ఎవరూ నమ్మలేదు. కిష్టమ్మ మొగుడి వైపు తిరిగింది. చెప్పు, నువ్వయినా చెప్పు, ఆ చేత్తో చెంబు కూడా ఎత్తలేవని చెప్పు, అని కళ్ళతోనే బతిమాలింది.

ఎల్లేశం ఆమెను చూడలేదు. దొరను చూస్తూ అన్నాడు. "ఆడిది దొరా, భయపడ్తున్నది. బెణికింది, తగ్గింది గూడ." కుడిచేతి పిడికిలి బిగించి పైకెత్తి చూపించాడు. ముఖంలో ఒక్క గీత కదలలేదు.

జనం ఈలలు వేశారు. ఇద్దరు ఆడవాళ్ళు కిష్టమ్మను రెక్క పట్టుకుని గట్టుమీదికి లాక్కుపోయారు.

కుస్తీ ఎక్కువసేపు సాగలేదు. రామచంద్రం పట్టుకోవడమే ఆ కుడిచెయ్యి పట్టుకున్నాడు, మెలితిప్పాడు. ఎల్లేశం ఆ చెయ్యి విడిపించుకునే ప్రయత్నమే చెయ్యలేదు. దాన్ని వాడికే వదిలేసి, అది తిరిగినంత మేరా తిరగనిచ్చి, ఆ సందులో ఎడమచెయ్యి వాడి తొడ కింద వేసి ఎత్తి పడేశాడు. రామచంద్రం వెల్లకిలా చిత్తయ్యాడు. చెయ్యి అలా ఎవరైనా వదిలేసుకుంటారని పట్నం తాలీంలో వాడికి ఎవరూ నేర్పి ఉండరు. డప్పులు మోగాయి, దొర పట్కా తీసి ఎల్లేశం తలకు చుట్టాడు. కిష్టమ్మ మాత్రం వేలాడుతున్న ఆ చేతిని చూస్తూ గట్టుమీద కూలబడింది.

రెండు నెలలు గడిచినా ఆ మణికట్టు వంగలేదు, తిరగలేదు. పట్నం దవాఖానలో డాక్టరు చూసి, ఇది పాత ఇరుగుడు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని కసురుకున్నాడు. దొర ఒకసారి పిలిపించి గుండు ఎత్తమన్నాడు. ఎల్లేశం మోకాలి దాకా ఎత్తి వదిలేశాడు.

మర్నాడే సాయిలు వచ్చాడు. తల ఎత్తకుండా నేలకు చెప్పినట్టు చెప్పాడు. "పహిల్వానుకు మాఫీ అంట వదినె. పహిల్వానే లేనప్పుడు మాఫీ ఎక్కడిదని దొర అంటున్నడు. ఎల్లేశమన్న చెయ్యి పనికిరాదు, ఆయనతోని పనిలేదట. నిన్ను రమ్మన్నడు. కొత్త పహిల్వానుకు రోజూ రుద్దాలట. నీ చేతులు మంచిగనే ఉన్నయి గద అన్నడు."

ఏడాది గడువు ఇంకా పది నెలలుందని కిష్టమ్మ అనలేదు. దొరను మాట నిలబెట్టుకోమని అడగడానికి ఆ ఊళ్ళో ఎవరికీ రెండు తలలు లేవు. కొంగు బిగించుకుని గడికి నడిచింది.

కొత్త పహిల్వాను వీరేశం, ఊరి చివరి ఇంటివాడు, నిరుడే పెళ్ళయినవాడు. వడ్లు దంచే పెద్ద పంచలో అతన్ని కూర్చోబెట్టారు. అటు పక్కన ఐదుగురు ఆడవాళ్ళు వెట్టి దంపుడు దంచుతున్నారు. దంచిన బియ్యం చేటల్లో పోసి ఉన్నాయి. వీరేశం కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు, నొప్పి లోపలి పక్కన ఉంది. కిష్టమ్మ వేలు అక్కడ పెట్టింది. ఏమైందో అర్థమైంది.

దొర గడప మీద నిలబడి అడిగాడు. "ఏందే, బెణికిందా, ఇరిగిందా?"

వీరేశం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఏమడుగుతున్నదో ఆమెకు తెలియనిదా? బెణికిందను అక్కా, అంటున్నది. ఇరిగిందంటే అతని పెళ్ళాం రేపు ఇక్కడ రోకలి పట్టుకుంటుంది. బెణికిందంటే అతని చెయ్యి పోతుంది. ఏ మాట అన్నా ఒక చెయ్యి పోతుంది. ఎల్లేశంతో అయిపోయిందనుకుంది. కాలేదు, ఇక రోజూ ఇదే, ఒకడి తర్వాత ఒకడు వచ్చి ఇదే ప్రశ్న ముందు కూర్చుంటారు, ఆ జవాబు తన నోటితోనే చెప్పించుకుంటారు. ఆమెకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

వీరేశం చెయ్యి ఒళ్ళో అలాగే పెట్టుకుని, పక్క చేటలోంచి పిడికెడు బియ్యం తీసింది. అందరూ చూస్తుండగా నోట్లో పోసుకుని కరకర నమిలింది.

రోకళ్ళు ఆగిపోయాయి. ఒకామె "అయ్యో, కిష్టవ్వా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"కూలి ముట్టింది దొరా," అంది కిష్టమ్మ, బియ్యం మింగి. "ఇగ నా చెయ్యి పోయింది. ముట్టితే ఎవలదైన చెడుతది. నీ మోకాలు జర రుద్దనా?"

దొర గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. వీరేశం తన చెయ్యి ఆమె ఒళ్ళోంచి లాక్కున్నాడు. ఇదంతా ఉత్తదని, ఎముకలు బియ్యపు గింజలను లెక్కపెట్టవని అక్కడ అనగలిగినవాళ్ళు ఎవరూ లేరు. కిష్టమ్మకే నిజంగా తెలియదు.

"దీనికి పొగరెక్కింది. వీణ్ణి పట్నం దవాఖానకు తోల్కపోండ్రి," అని దొర అరిచాడు. ఆయన గొంతులో కోపంకన్నా భయమే ఎక్కువ వినిపించింది. "దీన్ని రోటికాడ నిలబెట్టుండ్రి. రోకలి చెడుతదో లేదో చూస్త."

ఆ విధంగా ఆమె రోకలి పట్టుకుంది. ఆ రోజునుంచి ఆమె అరుగు మీదికి ఎవరూ రాలేదు. పిల్లలు కూడా చెడుగుడులో వేలు మెలిపడితే ఆ వీధి తప్పించి వేరే దారిన పోయేవారు. ఊళ్ళో ఎవరి చెయ్యి చూసినా ఆమెకు వేళ్ళు లాగేవి, ముట్టుకోవడానికి వీల్లేక కొంగులో దాచుకునేది. ఆ బాధ దంపుడు బాధకన్నా పెద్దది.

పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం ఆమె గడినుంచి వచ్చేసరికి ఎల్లేశం అరుగు మీద నూనె గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. బిగిసిపోయిన మణికట్టు ముందుకు చాపాడు.

"రుద్దు."

"నా చెయ్యి పోయింది గదయ్యా. చెడుతది."

"ఇగ చెడనీకి ఇండ్ల ఏమున్నది?"

కిష్టమ్మ కూర్చుంది. రోజుల తరబడి తప్పించిన ఆ గుంటలో బొటనవేలు పెట్టింది. ఎముక అతకని చోటు వేలికి స్పష్టంగా తెలిసింది. తల వంచుకునే చెప్పింది. "ఆ దినమే ఇరిగింది. నాకు తెల్సు. తెల్సి బెణికిందన్న."

"నాకెరికే."

ఆమె తల ఎత్తింది.

"పడ్డప్పుడే టక్కుమన్నది, నేను ఇనలేదా? నువ్వు బెణికిందంటివి. ఎందుకన్నవో నాకు తెల్వదా? అవ్వ వేళ్ళు నేను చూడలేదా?"

"మరి బరికాడ నన్ను అందరి ముందు పిచ్చిదాన్ని చేస్తివి గద!"

"చెయ్యకుంటే తెల్లారి నిన్ను దంచనీకి పిలుస్తుండె," అన్నాడు ఎల్లేశం. అని, తాను ఏమన్నాడో తనకే వినిపించి ఆగిపోయాడు. అప్పుడే రోటి దగ్గరినుంచి వచ్చిన ఆమె అరచేతుల్లో పొక్కులు చిట్లి ఎర్రగా ఉన్నాయి. కిష్టమ్మకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు, పెద్దగానే ఏడ్చింది. లోపల బుచ్చమ్మ కూడా విన్నది గాని బయటికి రాలేదు.

కాసేపటికి ఎల్లేశం ఎడమచెయ్యి నూనెలో ముంచి, ఆమె చేతిని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. అతను కాళ్ళు ముందుగా పుట్టినవాడు కాదు, రుద్దడం రాదు. ముడుచుకుని ఉన్న ఆమె వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా విప్పాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ప్రతిదాన్నీ వెనక్కి వంచి చూసి, వదిలి, మళ్ళీ వంచి చూశాడు. తర్వాత రెండో చెయ్యి అందుకున్నాడు.

"ఇయ్యాల్టికి మంచిగనే ఇప్పుకుంటున్నయి," అన్నాడు.